వండే చేతికి వద్దనే హక్కు

బడి భోజనం బాగాలేదన్న వార్త ఎలా వస్తుందో మనకి కంఠతా వచ్చు. అన్నం ముద్దయిందనో, సాంబారు నీళ్లలా ఉందనో, కూరలో పురుగు తేలిందనో జిల్లా పేజీలో ఫొటో పడుతుంది. మర్నాడు అధికారి వస్తారు, హెడ్మాస్టరుకి మెమో ఇస్తారు, వంట ఏజెన్సీని మారుస్తారు. కొత్త ఏజెన్సీ కూడా అవే బియ్యంతో, అదే రేటుకి, అదే రేకుల షెడ్డులో వండుతుంది. కొన్నాళ్లకి ఇంకో మండలం నుంచి ఇంకో ఫొటో వస్తుంది. తప్పు వండినవాళ్లదా, సరుకు పంపినవాళ్లదా, బిల్లు ఆపినవాళ్లదా అన్న తగువు ప్రతిసారీ మొదలవుతుంది, ప్రతిసారీ తేలకుండానే సద్దుమణుగుతుంది. ఈ తగువులో అమ్మానాన్నల మాట బడి గేటు దగ్గర అరుపుగా వినబడుతుందే గానీ పొయ్యి దగ్గర నిర్ణయంగా చెల్లదు. మన దేశంలో బడి భోజనానికి నూరేళ్లు దాటిన చరిత్ర ఉంది. పథకాల పేర్లూ ముఖ్యమంత్రుల ఫొటోలూ పక్కన పెట్టి ఆ చరిత్రని చదివితే ఒక సంగతి పదేపదే ఎదురవుతుంది. ఏ కాలంలోనైనా పళ్లెంలోకి ఏం వచ్చిందన్నది, ఆ కాలం పిల్లల తల్లిదండ్రులకి పొయ్యికి ఎంత దగ్గరగా చోటిచ్చిందన్నదాన్ని బట్టే ఉంది.

మొదటి అధ్యాయంలోనే ఒక తెలుగువాడున్నాడు. 1920లో మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి. దేవాంగుల ఇంట పుట్టినవాడు, జస్టిస్ పార్టీ నాయకుడు, నేటి టి.నగర్‌కి ఉన్న పేరు ఆయనదే. థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడిలో పిల్లలకి పగటిపూట తిండి పెట్టాలని, అందుకయ్యే ఖర్చు పిల్లవాడికి రోజుకి ఒక అణా దాటకూడదని కౌన్సిల్ ఒప్పుకుంది. పేద పిల్లలు బడికి రావడం లేదు, తిండి పెడితే వస్తారు అన్నదే అప్పటి తర్కం. పిల్లలు వచ్చారు, పథకం మరికొన్ని బళ్లకి పాకింది. 1925లో ప్రాథమిక విద్యా నిధిలోంచి ఈ ఖర్చు పెట్టడానికి వీల్లేదని ప్రభుత్వం అడ్డుపడింది, అంతటితో ఆగిపోయింది. ఈ చిన్న కథలో గమనించాల్సింది ఆ అణా. బడి భోజనం గురించి మన ప్రభుత్వాలు మొట్టమొదట రాసుకున్న నియమం ఖర్చుకి పైహద్దు. పళ్లెంలో కనీసం ఇంత ఉండాలన్న కింది హద్దు రావడానికి మరో ఎనభై ఏళ్లు పట్టింది. కొలిచింది హాజరుని, ఆకలిని కాదు. పిల్లని పంపితే చాలు, ఆ పైన తల్లిదండ్రులతో పనిలేదు. వాళ్లని అడగాలని ఎవరికీ తోచలేదు, తోచే కాలమూ కాదది.

1956లో కామరాజ్ ప్రభుత్వం మొదలుపెట్టిన రెండో ప్రయత్నంలో ఊరు లోపలికి వచ్చింది. విద్యాశాఖ డైరెక్టర్ సుందరవడివేలు ఊరూరా తిరిగి చందాలు పోగుచేయించాడు. ధాన్యం ఇచ్చేవాళ్లు ధాన్యం, కూరగాయలు ఇచ్చేవాళ్లు కూరగాయలు, కట్టెలు ఇచ్చేవాళ్లు కట్టెలు ఇచ్చారు. కొన్నాళ్లకి ప్రభుత్వం తన వాటా కలిపింది; భోజనానికి పది పైసలైతే ఆరు సర్కారువి, నాలుగు ఊరివి. ఊరి వాటా ఉన్నచోట ఊరికి ఆ పొయ్యి మీద కాస్త హక్కు ఉంటుంది, నిజమే. కానీ ఊళ్లో చందా ఇవ్వగలిగినవాళ్లు ఒకరు, బంతిలో కూర్చున్న పిల్లల అమ్మానాన్నలు ఇంకొకరు. ధాన్యం పంపిన ఆసామి వచ్చి చూసుకోవచ్చు. ఆయన చేలో కూలి చేసే తల్లి వచ్చి పప్పు పలచగా ఉందంటే ఎవరు ఊరుకుంటారు? 1953లోనే విడిపోయిన ఆంధ్రకి ఈ పథకం రాలేదు. మన బళ్లకి అరవైల్లో, డెబ్భైల్లో వచ్చింది కేర్ సంస్థ పంపిన అమెరికా సరుకు: పాలపొడి, మొక్కజొన్న పిండి, నూనె. ఆ పిండితో చేసిన పసుప్పచ్చని ఉప్మా రుచి ఆ తరం వాళ్లకి ఇప్పటికీ గుర్తే, కొందరికి ఇష్టంగా, కొందరికి కష్టంగా. అమెరికా రైతుల దగ్గర మిగిలిపోయిన ధాన్యాన్ని బయటి దేశాలకి చేర్చేందుకు 1954లో చేసిన చట్టం కింద ఓడెక్కి వచ్చిన సరుకది. పిల్లలు ఏం తినాలన్నది తల్లిదండ్రుల చేతిలోంచే కాదు, దేశం చేతిలోంచే జారిపోయింది.

1982 జులై 1న ఎం.జి.రామచంద్రన్ మొదలుపెట్టిన పథకాన్ని ఆర్థికవేత్తలు చాలామంది దుబారా అన్నారు. ఓట్ల కోసం అన్నవాళ్లూ ఉన్నారు. ఓట్ల కోసమే అనుకుందాం. అక్కడే ఈ చరిత్రలో పెద్ద మలుపు ఉంది. అంతవరకు దాతల దయ మీద, నిధుల పద్దుల మీద నడిచిన భోజనం మొదటిసారి ఎన్నికలో తేలే విషయం అయింది. పొయ్యి దగ్గరకి రాలేని అమ్మానాన్నలు బ్యాలెట్ పెట్టె దగ్గరకి వెళ్లగలిగారు. ఫలితం గుడ్డులో కనిపిస్తుంది. 1989లో కరుణానిధి ప్రభుత్వం పదిహేను రోజులకొక గుడ్డుతో మొదలుపెడితే, తర్వాత అది వారానికి ఒకటయింది, రెండయింది, మూడయింది, 2010 నాటికి ఐదయింది. మధ్యలో ప్రభుత్వాలు మారాయి. ఒక పార్టీ ఇచ్చిన గుడ్డుని ఇంకో పార్టీ తీసేయలేదు, తీసేయడానికి ధైర్యం చాలలేదు. ఉచితంగా తినేవాడికి అడిగే హక్కెక్కడిది అని మన దగ్గర తేలిగ్గా అనేస్తారు. తమిళనాడులో ఉచితంగానే పెట్టారు, జనం గట్టిగానే అడిగారు.

దేశం మొత్తానికి పథకం తెచ్చింది మరో తెలుగువాడి ప్రభుత్వం. పి.వి.నరసింహారావు ప్రధానిగా ఉండగా 1995 ఆగస్టు 15న జాతీయ పథకం మొదలైంది. కేంద్రం పిల్లవాడికి రోజుకి వంద గ్రాముల లెక్కన గింజలు ఇస్తుంది, వండి పెట్టే పని రాష్ట్రాలు చూసుకోవాలి. చాలా రాష్ట్రాలు చూసుకోలేదు. నూటికి ఎనభై రోజులు బడికి వచ్చిన పిల్లలకి నెలకి మూడు కిలోల చొప్పున బియ్యమో గోధుమలో కొలిచి ఇచ్చి చేతులు దులుపుకున్నాయి. సంచి ఇంటికెళ్లింది. ఇంట్లో అది ఐదుగురి అన్నంలో కలిసిపోయింది. ఒక రకంగా తల్లిదండ్రుల చేతికే తిండి ఇచ్చినట్టుంది గానీ, మధ్యాహ్నం గంట కొట్టాక బడిలో పిల్ల కడుపు ఖాళీయే. దీనికి తెర దించింది 2001లో రాజస్థాన్ పౌరహక్కుల సంఘం వేసిన వ్యాజ్యం. ఒక పక్క ఎఫ్‌సీఐ గోదాముల్లో ధాన్యం ముక్కిపోతూ, మరోపక్క కరవు ఊళ్లు పస్తులుంటున్న రోజులవి. ఆ ఏడాది నవంబరు 28న సుప్రీంకోర్టు, ప్రతి సర్కారు, ఎయిడెడ్ ప్రాథమిక బడిలో వండిన భోజనమే పెట్టాలంది. 300 కేలరీలకి, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులకి తగ్గకూడదంది. ఏడాదికి కనీసం 200 రోజులు పెట్టాలంది. ఒక అణా పైహద్దుతో మొదలైన కథకి కింది హద్దు దొరికింది అప్పుడే. భోజనం దయ కాదు, అడగదగ్గ హక్కు అయింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వండిన భోజనం 2003 జనవరిలో వచ్చింది. వంటపని డ్వాక్రా సంఘాలకి అప్పగించారు. ఆ నిర్ణయం వెనక పెద్ద ఆలోచన ఉందో, వేరే యంత్రాంగం లేక చేసిందో చెప్పలేం గానీ, దాని ఫలితం మాత్రం పెద్దది. అదే ఊరి ఆడవాళ్లు, చాలాచోట్ల అదే బడిలో చదివే పిల్లల తల్లులు, పొయ్యి ముందుకి వచ్చారు. తిండి తినే పిల్లకి, వండే మనిషికి మధ్య దూరం ఇంత తగ్గింది ఈ చరిత్రలో అదే మొదలు. 2005లో సుఖదేవ్ థోరట్, జోయెల్ లీ ఐదు రాష్ట్రాల సర్వే ఫలితాలు ప్రకటించారు. వాళ్లు చూసిన ఆంధ్రప్రదేశ్ ఊళ్లలో సుమారు సగం చోట్ల దళిత స్త్రీలు వండుతున్నారు. రాజస్థాన్‌లో ఆ సంఖ్య పదో వంతు కూడా లేదు. సంఘాల్లో వాళ్లున్నారు కాబట్టి పొయ్యి దగ్గరా వాళ్లున్నారు. ఆ వంట ఎంత పని చేసిందో కూడా చూడాలి. అప్పటి కరవులు చిన్నవి కావు. ఆంధ్రప్రదేశ్ పిల్లల్ని ఏళ్ల తరబడి వెంట ఉండి గమనించిన యంగ్ లైవ్స్ సర్వే ఆధారంగా అభిజిత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ చేసిన విశ్లేషణలో, కరవు వల్ల ఎదుగుదల దెబ్బతిన్న చిన్నపిల్లలకి బడి భోజనం ఆ లోటుని పూడ్చిందని తేలింది. ఆ అన్నం రేకుల షెడ్డులో, కట్టెల పొగలో, ఊరి ఆడవాళ్లు వండిందే.

అయితే పొయ్యి ఇచ్చారు, అధికారం ఇవ్వలేదు. లెక్క చూస్తే తెలుస్తుంది. 2025 మే నుంచి ప్రాథమిక బడిలో పిల్లవాడికి రోజుకి వంట ఖర్చు 6 రూపాయల 78 పైసలు; బియ్యం విడిగా, ఉచితంగా వస్తాయి. నలభై మంది పిల్లలున్న బడికి ఇది రోజుకి 271 రూపాయలు. ఇందులో నిబంధన ప్రకారం మనిషికి 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె పడాలి. అంటే 800 గ్రాముల పప్పు, రెండు కిలోల కూరలు, 200 గ్రాముల నూనె. కందిపప్పు కిలో 120 అనుకుంటే పప్పుకే 96 పోతాయి. కూరలు కిలో నలభై అనుకుంటే 80, నూనెకి ఓ ముప్ఫై. మిగిలిన అరవై చిల్లరలో ఉప్పు, చింతపండు, కారం, పోపు సామాను, గ్యాసో కట్టెలో రావాలి. కాగితం మీద సరిపోయింది. 2023 జులైలో టమాటా కిలో నూట యాభై దాటినప్పుడు కాగితం సరిపోయిందా? బజారు రేటు వారానికోసారి మారుతుంది, సర్కారు రేటు మారడానికి ఏడాదో రెండేళ్లో పడుతుంది. ఆ రేటు ప్రకారమైనా బిల్లు నెలనెలా రాదు. కిరాణా కొట్లో ఖాతా పెరుగుతుంది, సంఘం తెచ్చిన అప్పుకి వడ్డీ పెరుగుతుంది, ఆ వడ్డీ ఏ పద్దులోనూ ఉండదు. సాంబారు పలచబడేది ఇక్కడ. వంటామె చేతివాటమని ఫొటో కింద రాసేవాళ్లు ఈ ఖాతా పుస్తకం ఫొటో ఎన్నడూ వేయలేదు.

చట్టాలు తల్లిదండ్రుల్ని మర్చిపోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు. 2015 నియమాలు భోజనం నాణ్యత, శుభ్రత చూసుకునే బాధ్యతని ఆ కమిటీకే అప్పగించాయి. వడ్డించే ముందు టీచరుతో పాటు పెద్దవాళ్లు రుచి చూడాలి, రిజిస్టరులో సంతకం పెట్టాలి. మంచి ఏర్పాటే. చిక్కు గడియారంతో వస్తుంది. మధ్యాహ్నం పన్నెండున్నరకి ఆ కమిటీలోని తల్లి ఎక్కడుంటుంది? మిరప కోతకి పోయి ఉంటుంది, నాట్లలో ఉంటుంది, ఇటుక బట్టీలో ఉంటుంది. ఆ వేళకి ఆమె ఇంట్లో లేదు కాబట్టే పిల్లకి బడిలో అన్నం అవసరమైంది. రుచి చూడ్డానికి రావాలంటే ఆమె ఆ రోజు కూలి వదులుకోవాలి. కూలి వదులుకునే స్తోమత ఉంటే ఆ పిల్ల బహుశా క్యారియర్ తెచ్చుకునే బడిలో ఉండేది. కాబట్టి సంతకం టీచరు పెట్టుకుంటాడు, చాలాసార్లు వారానికోసారి ఆరు రోజులకీ కలిపి. దీనికి టీచర్ల మీద విరుచుకుపడి లాభం లేదు. ఆ వేళకి బడి ఆవరణలో ఉండగల అమ్మ ఒక్కతే, వంట చేసే అమ్మ. నియమాలు ఆమెని వంటమనిషిగానే చూశాయి గానీ అమ్మగా చూడలేదు.

ఆమె మాటకి విలువ లేకపోతే ఏమవుతుందో 2013 జులై 16న బిహార్ సారణ్ జిల్లా గండామన్ ఊళ్లో తేలిపోయింది. ఆ బడికి వంటగది లేదు, గోదాము లేదు. సరుకులు ప్రధానోపాధ్యాయిని ఇంటి నుంచి వచ్చేవి. ఆ రోజు వంట అన్నం, సోయా-బంగాళాదుంప కూర. నూనె పోస్తుంటే వంటామెకి తేడా తెలిసింది. రంగు బాగాలేదు, వాసన బాగాలేదు. చెప్పింది. ఏం ఫరవాలేదు, వండమన్నారు. కూర పళ్లేల్లోకి వచ్చాక పిల్లలు కూడా చేదుగా ఉందన్నారు. తినమన్నారు. పురుగుమందు, మోనోక్రోటోఫాస్ పోసి ఉంచిన డబ్బాలో ఆ నూనె ఉందని తర్వాత తేలింది. ఇరవై ముగ్గురు పిల్లలు చనిపోయారు. వంటామె కూడా ఆ కూర తిని ఆసుపత్రిలో పడింది. ఈ ఘటన తర్వాత దేశమంతా రుచి చూడటం మీద కొత్త ఉత్తర్వులు జారీ అయ్యాయి, ల్యాబ్ పరీక్షలు అన్నారు, తనిఖీ బృందాలు అన్నారు. కానీ గండామన్‌లో పరీక్ష జరగలేదనడానికి లేదు. జరిగింది. వాసన చూసి చెప్పాల్సిన మనిషి వాసన చూసి చెప్పింది. ఈ నూనెతో నేను వండనని పారబోసే అధికారం ఆమెకి లేదు, అంతే. ఎదుటి మనిషి హెడ్మిస్ట్రెస్, తనది ఎప్పుడైనా పోయే పని. ఎన్ని ల్యాబులు పెట్టినా ఆ లోటు తీరదు.

తల్లిదండ్రులకి అధికారం ఇస్తే అంతా బాగుపడుతుందా అన్న ప్రశ్నకి చరిత్రలోనే చేదు జవాబులున్నాయి. ఇంగ్లండ్‌లో 1906లోనే బళ్లలో భోజనానికి చట్టం వచ్చింది. 1980లో థాచర్ ప్రభుత్వం పోషక ప్రమాణాల్ని ఎత్తేసింది. పాతికేళ్లకి అక్కడి బళ్లు వేపుళ్ల కొట్లయ్యాయి. 2005లో జేమీ ఆలివర్ అనే వంటగాడు టీవీలో ఉద్యమం చేసి కూరగాయలు పెట్టించాడు. మరుసటి ఏడాది యార్క్‌షైర్‌లోని రామార్ష్‌లో కొందరు తల్లులు బడి కంచె సందుల్లోంచి పిల్లలకి బర్గర్లు, చిప్స్ అందించారు. మన దగ్గర ఇంకా ఘోరం. దళిత స్త్రీ వండిందని పిల్లల్ని బంతిలోంచి లేపుకుపోయిన తల్లిదండ్రుల కథలు 2003 నుంచి నిన్న మొన్నటి దాకా వస్తూనే ఉన్నాయి. 2021లో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లాలో జరిగింది ఆ వరసలో ఒకటి. వంటమనుషుల నియామకంలో దళితులకి, గిరిజనులకి ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది కూడా ఇందుకే. ఈ అభ్యంతరం గట్టిది, దాన్ని తోసిపుచ్చలేం. నా జవాబు ఇది. గిన్నెలో ఏముందో అడిగే హక్కు తల్లిదండ్రులది. గిన్నె ఎవరు పట్టుకున్నారో అడిగే హక్కు వాళ్లకి లేదు. మొదటిది నాణ్యత, రెండోది కులం. రాజ్యాంగం ఒప్పుకోని కోరికని తల్లిదండ్రుల కోరిక అన్నంత మాత్రాన ఒప్పుకోనక్కర్లేదు. పైగా, అలాంటి చోట్ల ఆ వంటామెకి ఉద్యోగ భద్రత లేకపోవడమే కులపెద్దల చేతికి అందే ఆయుధం. ఆమెని మార్చడం తేలిక కాబట్టే మార్చమంటారు.

తల్లిదండ్రులకి పోషకాల సంగతి తెలియదన్న అభ్యంతరం ఇంకోటుంది. తెలంగాణలో 2015 జనవరి నుంచి హాస్టళ్లకి, బడులకి సన్నబియ్యం ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, దొడ్డు బియ్యానికి సన్నబియ్యానికి కేలరీల్లో తేడా ఏముందని పెదవి విరిచినవాళ్లున్నారు. ఆంధ్రలో 2025 జూన్‌లో అదే పని చేస్తే మళ్లీ అదే మాట. కేలరీల లెక్కలో వాళ్లు తప్పు చెప్పలేదు. కానీ ఆ లెక్క గిన్నెలో ఉన్న అన్నానికి వేసింది. పిల్ల తిన్న అన్నానికి వేయలేదు. ముద్దగా, వాసన వేస్తూ పళ్లెంలో మిగిలిపోయిన దొడ్డన్నంలో కేలరీలు కుక్కలకి చేరతాయి. మా పిల్లలకి కూడా మీ పిల్లలు తినే బియ్యమే పెట్టండి అని అమ్మానాన్నలు అడిగినప్పుడు వాళ్లు అడిగింది మర్యాదని, దాంతోపాటు నాలుగు ముద్దలు ఎక్కువ తినడాన్ని. గుడ్డు విషయంలో ఇంకా తేటగా ఉంది. 2021 డిసెంబరులో కర్ణాటక ప్రభుత్వం కొన్ని వెనకబడిన జిల్లాల బడుల్లో గుడ్డు ఇవ్వబోతే కొందరు మఠాధిపతులు వద్దన్నారు. గంగావతిలో ఒక బడిపిల్ల, మీరు ఆపితే మేము మఠానికే వచ్చి గుడ్డు తింటామని కెమెరా ముందు నిలబడి చెప్పింది. వద్దనుకున్న పిల్లలకి అరటిపండు ఇచ్చే ఏర్పాటు అప్పటికే ఉంది. మరుసటి ఏడాది గుడ్డు రాష్ట్రమంతటికీ వెళ్లింది. ఆ పిల్ల పోషకాహార నిపుణురాలు కాదు. తనకేం కావాలో మాత్రం ఆమెకి నిపుణులకన్నా బాగానే తెలుసు.

ఇంత గొడవ ఎందుకు, యంత్రాలున్న పెద్ద వంటశాలలకి ఇచ్చేస్తే శుభ్రంగా, ఒకే తూకంతో వస్తుంది కదా అంటారు. 2000లో బెంగళూరులో ఐదు బడులు, 1,500 మంది పిల్లలతో మొదలైన అక్షయపాత్ర తరహా వంటశాలలు ఇవాళ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. పట్నాల్లో, వంటగది కట్టడానికి గజం జాగా లేని బళ్లకి ఈ దారి తప్పదు. స్టీలు బాయిలర్లలో ఉడికిన అన్నం కట్టెల పొగలో ఉడికినదానికన్నా శుభ్రమని ఒప్పుకోవడానికీ ఇబ్బంది లేదు. కానీ తెల్లవారుజామున వండి, డబ్బాలకెత్తి, వ్యాన్లలో ముప్ఫై, నలభై కిలోమీటర్లు పోయిన అన్నం మధ్యాహ్నానికి ఎలా ఉంటుందో పిల్లలకి తెలుసు. పైగా అక్కడ ఏం వండాలన్నది వండించేవాళ్ల నమ్మకాలు తేలుస్తాయి. ఉల్లి, వెల్లుల్లి లేని సాంబారు పిల్లలు తినడం లేదని కర్ణాటకలో 2019లో పెద్ద చర్చే నడిచింది. సాంబారు బాగాలేదని చెప్పడానికి పిల్లకి అక్కడ ఎవరూ కనబడరు. డబ్బా దింపిన డ్రైవరుకి చెప్పాలి. ఊరి వంటగదిలో, ఉప్పెక్కువైందని పిల్ల అంటే వంటామె వింటుంది, సాయంత్రం వీధిలో ఆ పిల్ల తల్లి ఎదురైతే మళ్లీ వింటుంది. ఆ జవాబుదారీతనాన్ని ఏ ఐఎస్‌వో ధ్రువపత్రమూ ఇవ్వలేదు.

కన్నవాళ్లు పెట్టుకోవాల్సిన తిండిని సర్కారు ఎందుకు పెట్టాలి అనేది అన్నిటికన్నా పాత అభ్యంతరం. జపాన్‌లో 1954 చట్టం ప్రకారం సరుకుల ఖర్చు తల్లిదండ్రులే భరించడం చాలాకాలం ఆనవాయితీగా ఉండేది, నెల మొదట్లోనే ఏ రోజు ఏం పెడతారో ఇంటికి కాగితం వస్తుంది. డబ్బిచ్చినవాడికి అడిగే దమ్ముంటుందని అక్కడి వాళ్లని చూపిస్తారు. జపాన్‌లో చూడాల్సింది వేరే ఉంది. అక్కడ డాక్టరు కొడుకూ కూలివాడి కొడుకూ ఒకే బంతిలో అదే అన్నం తింటారు. మన దగ్గర గొంతున్న అమ్మానాన్నలు ప్రైవేటు బడికి వెళ్లిపోయారు, గొంతుని కూడా తీసుకెళ్లిపోయారు. మిగిలినవాళ్ల దగ్గర చందా వసూలు చేస్తే గొంతు తిరిగి రాదు. ఇక బాధ్యత సంగతి. 2021లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. చిన్నప్పుడు బడి భోజనం తిన్న ఆడపిల్లలు పెద్దై తల్లులయ్యాక, వాళ్ల పిల్లల ఎత్తు మిగతావాళ్ల పిల్లల ఎత్తుకన్నా మెరుగ్గా ఉందని 1993 నుంచి 2016 దాకా ఉన్న జాతీయ సర్వేల లెక్కలతో చూపించారు. 2003లో తొలిసారి బంతిలో కూర్చున్న మన ఆరేళ్ల పిల్లలకి ఇప్పుడు ముప్ఫైకి దగ్గరపడుతోంది. వాళ్లలో చాలామంది తల్లులు. కొందరు అదే బడిలో ఇప్పుడు గరిటె పట్టుకున్నారు. వీళ్లకి బాధ్యత నేర్పాల్సిన పని లేదు.

కాబట్టి అడగాల్సినవి పెద్దవేమీ కావు. వచ్చిన సరుకు పాడైతే తీసుకోననే అధికారం వంటామెకి రాతలో ఉండాలి, అలా అన్నందుకు ఆమెని తీసేయకూడదు. వంట ఖర్చు నెల మొదట్లోనే చేతికి రావాలి. రుచి చూడ్డానికి వచ్చే కమిటీ తల్లికి ఆ పూట కూలి చెల్లించాలి. వీటిలో ఏదీ కొత్త ఖజానా అడిగేది కాదు. వంట చేసే మనిషికి నెలకి వెయ్యి రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలే అని కేంద్రం 2009లో నిర్ణయించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ తమ డబ్బు కలిపి దాన్ని మూడు వేలు చేశాయి. వంట ఖర్చు రేటు ఈ మధ్యలో ఎన్నోసార్లు పెరిగింది. కేంద్రం లెక్కలో ఆ వెయ్యి మాత్రం పదిహేనేళ్లు దాటినా వెయ్యిగానే ఉంది.